గడ్డి పేరున్న తల్లి

ఉప్పుని ఏమంటారో మా అమ్మాయి మర్చిపోయింది.

అన్నంలో పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, నా వైపు చెయ్యి చాపింది. "అమ్మా, అది కొంచెం ఇలాగియ్యి."

"ఏటి కావాలే?"

"అదే. తెల్లగా ఉంటాది. కూరలో..." అని వేళ్ళతో చల్లినట్టు చూపించింది.

ముందు నవ్వేశాను. తర్వాత డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, "దీన్నేటంటారు?" అని అడిగాను. డబ్బా మూత తీసి చూసింది, నాలిక మీద వేసుకుంది. "రుచి తెలుస్తంది. మాట రావట్లేదు" అంది. నేను చెప్పాను. ఎవరో పరాయి దేశం మాట నేర్పుతున్నట్టు పెదాలు కదిపి చూసుకుంది, మళ్ళీ వదిలేసింది.

నాకు ప్రతిదానికీ భయమే. ఫోను మోగితే యాక్సిడెంటు అనుకుంటాను, మోగకపోయినా అదే అనుకుంటాను. గ్యాసు కట్టేశానో లేదోనని బస్సు దిగి వెనక్కి వచ్చిన మనిషిని. ఆ మధ్యాహ్నం కూడా మెదడులో గడ్డ అనీ, పక్షవాతం అనీ, ఎవరో మందు పెట్టారనీ అన్నీ తోచాయి. తోచనిదే జరిగింది.

మా అమ్మాయి కేతకి. భీమిలి దాటాక సముద్రం కనిపించే కొండ మీద ఒక పరిశోధన కేంద్రం ఉంది, అందులో పని. క్వార్టర్సు ఇచ్చారు. మా ఆయన లారీ మీద ఉంటారు, నెలలో ఎప్పుడొస్తే అప్పుడే. నేను ఏడో తరగతితో ఆపేసి జాకెట్లు కుట్టుకుంటూ బతికినదాన్ని. పిల్ల చేసే పని నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా వంటింట్లోనే. గట్టు మీద బియ్యప్పిండి చల్లి, వేలితో ఒక తల గీసింది. తల పైన ఒక మొక్క. మొక్క నుంచి తల దాకా సన్నటి గీత.

"ఇదేనమ్మా పేరంటే. మెక్సికోలో నావాటల్ భాష మాట్లాడేవాళ్ళు పూర్వం అక్షరాలు రాసేవారు కాదు. ఇలా బొమ్మలేసేవారు. ఇది రెల్లుకట్ట. ఈ మనిషి పేరు రెల్లుకట్ట అన్నమాట."

"ఆ గీతెందుకు?"

"అదే అసలు సంగతి. గీత లేకపోతే మొక్క ఉత్త మొక్కే. గీత కలిపితే పేరవుతుంది."

ఇంకోటి గీసింది. రాయి మీద నాగజెముడు. నాకు ఒళ్ళు మండింది. "ముళ్ళచెట్టు పేరెడతారేటే బిడ్డలకి?"

"నువ్వు పెట్టావు కదా నాకు, మహా గొప్ప పేరు!" అని వెక్కిరించింది.

ఆ మాట నిజం. కేతకి నేను పెట్టిన పేరు కాదు. దీనికి ముందు నాకు ఇద్దరు పుట్టి పోయారు. మగపిల్లవాడు ఒకడు, ఆడపిల్ల ఒకతె. బారసాల చేసేలోపే పోయారు కాబట్టి వాళ్ళకి పేర్లు లేవనే అందరూ అంటారు. మూడోసారి పుట్టినదాన్ని మా అత్తగారు పెళ్ళిభోజనాల దగ్గర పారేసిన ఎంగిలి విస్తరాకుల మీద పడుకోబెట్టి, చావుకి కూడా అసహ్యం వేసి ముట్టుకోకుండా ఉండే పేరు నా చేత పెట్టించారు. ఆ పేరుతోనే అది బతికిందని నా నమ్మకం. కాలేజీకి వెళ్ళాక సిగ్గుపడి గెజెట్టులో మార్పించుకుంది. మొగలిపువ్వు పేరు, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అప్పట్నుంచి గుండెల్లో రాయి పడినట్టే ఉండేది. ఇంట్లో పాత పేరుతోనే పిలిచేదాన్ని.

పిండి మీద పిల్ల ఇంకో బొమ్మ వేసింది. ఒక ఆడమనిషి తల, పైన మెలితిప్పిన గడ్డి, కంటి కింద నీటిచుక్కలు.

"మొగుడు పోయినదానికి అలా కన్నీళ్ళు వేస్తారు. ఈవిడ పేరు గడ్డి. మలినల్ అంటారు." ఆమె వెనకాల మూడు చిన్న తలలు గీసి, పొయ్యి పక్కనున్న మసి అద్ది నల్లగా పూసింది. "వీళ్ళు పిల్లలు. నల్లగా పూస్తే చచ్చిపోయారని. ఊళ్ళో ఏదో రోగం వచ్చింది."

"వీళ్ళ మొక్కలేవి?"

"లేవమ్మా. ఇది పన్ను కోసం ఇల్లిల్లూ తిరిగి గీసిన కాగితం. పోయినవాళ్ళు పన్ను కట్టరు కదా. తలలు వేశాడు, పేర్లు వేయలేదు." నా మొహంలోకి చూసింది. "మన అన్నయ్య, అక్కలాగే."

నేను తడిగుడ్డ తీసుకుని గట్టు తుడిచేశాను.

వాళ్ళకి పేర్లు లేవన్నది అబద్ధం. కడుపులో ఉండగానే మనసులో పెట్టుకున్నాను, ఒక్కొక్కరికీ ఒకటి. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఫోటోలు లేవు, బట్టలు పూడ్చేశారు. వాళ్ళవంటూ నా దగ్గర ఉన్నవి ఆ రెండు మాటలే.

ఉప్పు పోయిన మర్నాడు క్యారియర్ పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. లోపలికి రానిస్తారో లేదోనని గేటు దగ్గర నిలబడితే జుబేదా చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మా అమ్మాయితో పనిచేసే పిల్ల, నోరు ఊరుకోదు.

"రండమ్మా, మీ ఇంకో కూతుర్ని చూద్దురుగాని" అంది. గాజు గదిలో, ఊదారంగు దీపాల కింద, కుండీలో గడ్డి. ముతక గడ్డి, మన గట్ల మీద పెరిగేలాంటిదే. గాలి లేదు, అయినా కొసలు కదులుతున్నాయి.

ఈ కేంద్రానికి పెద్ద రామభద్రరాజుగారు. తెల్లజుట్టు, మెత్తటి మాట. ఆయనే చెప్పారు. పన్ను కాగితం మీద ఆ బొమ్మ గీసినవాడు గడ్డి పేరుకి వేసే రంగులో ఆ మనిషి పెరట్లో పెరిగిన గడ్డినే నూరి కలిపాడు. ఎండిన రంగులో గడ్డి ప్రాణం చావలేదు. మెక్సికో నుంచి అరువు తెచ్చిన ఆ కాగితం మీద నుంచి గోటి మీద పట్టేంత రంగు గీకి, వీళ్ళు మొక్కని లేపారు. లేచిన మొక్క ఊరికే ఉండలేదు. దాని వేరు నుంచి సన్నటి నార తీసి మనిషి నుదుటికి ఆనిస్తే, ఆ పేరు మోసిన మనిషి కనిపిస్తుంది.

"బొమ్మలో గీత ఉంది కదమ్మా, సరిగ్గా అలాగే" అన్నారు.

"కనిపిస్తే కనిపించనీండి. మా పిల్లకి ఉప్పు ఎందుకు పోయింది బాబూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జుబేదా అందుకుంది. "ఆ గడ్డి పేరావిడ అడుగుద్దమ్మా. ఇదేంటి, అదేంటి అని. చెప్తే తీసుకుంటది. చెంబులో నీళ్ళు ఇంకో చెంబులో పోసినట్టే, ఇటు మిగలదు. మొదటిసారి నేనే కూర్చున్నా. నీదే ఊరని అడిగింది, చెప్పేసా. వీళ్ళు కంగారుపడి మధ్యలో నార తెంపేసారు. ఇప్పటికీ నా ఊరు ఆధార్ కార్డు చూసి చెప్తాను."

"చదివితే గుర్తురాదా?"

"చదవగలను. నాదనిపించదు." నవ్వుతూనే అంది.

ఇంటికొచ్చి బతిమాలాను. ఉద్యోగం మానేయమన్నాను, కుట్టుమిషను మీద ఇద్దరం బతుకుదామన్నాను. "ఆవిడ దగ్గర ఆ ముగ్గురి పేర్లూ ఉన్నాయేమో కనుక్కుని ఆపేస్తానమ్మా. పేర్లు లేకుండా ఎలా ఉంటారు చెప్పు?" అంది. ఆవిడకి కూడా తెలియవన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. రోగం ముందు ఆవిడ పిల్లల్ని తీసుకుపోయింది, తర్వాత ఆవిడ తలలోంచి వాళ్ళ పేర్లు తుడిచేసింది.

తర్వాత మా ఇంట్లో ఇంకో మనిషి తిరగడం మొదలైంది. నేను పగలే చూశాను, ఎండ గదిలో పడుతుండగా. కేతకి నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, పీటా కర్రా పక్కన పెట్టి, రెండు అరచేతుల మధ్య పిండి తట్టేది. మా వైపు ఎవరూ అలా తట్టరు. పక్క క్వార్టరు పిల్లలు ఆడుకుంటుంటే కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహం పట్టి పట్టి చూసేది. ఒకరోజు జాకెట్టు గుండీలు కుడుతుంటే, అది మంచం కింద దూరి ఉంది.

"ఏటే పోయింది? ఏటి ఎతుకుతున్నావు?"

బయటికి రాలేదు. మంచం కిందనుంచే నన్ను చూసింది. కళ్ళు మా అమ్మాయివే. చూపు నాకు కొత్త. అడగరాని మాట అడగడానికి భయపడుతున్న పరాయి ఆడదాని చూపు. సూది నా వేలికి గుచ్చుకున్నా తెలియలేదు.

"చాలు, ఇంక ఎల్లకు. నా మీద ఒట్టు" అన్నాను అది మామూలుగా అయ్యాక.

"నీ ఒట్లకి లెక్కుందేటమ్మా? బస్సెక్కొద్దని ఒట్టు, ఈత నేర్చుకోవద్దని ఒట్టు, పేరు మార్చుకోవద్దని ఒట్టు."

"వాటిలో ఒక్కటైనా విన్నావా?"

"వినకపోతే ఏటైంది? ఉన్నాను కదా!" నా గడ్డం పట్టుకుని ఊపి చెప్పులేసుకుంది.

జుబేదా ఫోను చేసినప్పుడు నేను మిషను మీద ఉన్నాను. "అమ్మా, మీరొకసారి రావాలి" అంది. ఆ పిల్ల గొంతులో జోకు లేదు. ఎలా వెళ్ళానో తెలియదు. తలుపు వేశానో లేదో తెలియదు.

గాజు గదిలో కేతకి కుర్చీ దిగి నేల మీద కూర్చుని ఉంది. నుదుటి మీద నార. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందు ఒక కాగితం, ఆ పాత బొమ్మకి తనే వేసుకున్న నకలు. వేలు మొదటి నల్లటి తల పైన ఖాళీలో ఆగుతుంది. "ఇన్తోకా" అంటుంది. రెండో తల మీదికి జరుగుతుంది. "ఇన్తోకా." మూడోది. మళ్ళీ మొదటిది.

"వాళ్ళ పేర్లు... అని అడుగుతోందమ్మా" అన్నారు రాజుగారు. "పొద్దుట్నుంచీ అదొక్కటే. ఆవిడకి తెలియవు. మనల్ని అడుగుతోంది."

"మా పిల్లేదీ?"

జుబేదా చెప్పింది. "తన పేరు ఇచ్చేసిందమ్మా. మొదటి తల మీద మొగలిపువ్వు గీసింది. ఆవిడ ఒప్పుకోలేదు. అదే చేత్తో తుడిచేసింది. అదిగో, మరక."

చూశాను. పచ్చటి మరక. గెజెట్టులో వేయించుకున్న పేరు కన్నతల్లికి ఎలా ఆనుతుంది? బిడ్డకి తల్లి పెట్టిన పేరు కావాలి ఆవిడకి.

"నార తెంపేయండి బాబూ."

"తెంపితే అటు వెళ్ళినది అటే ఉండిపోతుందమ్మా. ఇప్పుడు అటు వెళ్ళింది ఒక మాట కాదు. మీ అమ్మాయి మొత్తం. ఆ పేర్లు దొరికితేనే ఆవిడ వదులుతుంది."

నేను ఏడవలేదు. జీవితమంతా జరగబోయేదాన్ని తల్చుకుని ఏడ్చినదాన్ని, జరిగేటప్పటికి కన్నీళ్ళు మిగల్లేదు. ఇంకో నార ఉందా అని అడిగాను. రాజుగారు అడ్డంగా తలూపారు. "వద్దమ్మా. ఇచ్చింది మీకు మళ్ళీ రాదు. తెలుసు కదా?"

"తెలుసు బాబూ. ఉప్పు మా వంటింట్లోనే పోయింది."

గడ్డి పసరు కలిపిన రంగు ఒక గిన్నెలో ఉంది. కుంచె నా చేతికిచ్చి, జుబేదా నా చెవి దగ్గరికి వంగింది. నేను ఏమివ్వబోతున్నానో ఎలా కనిపెట్టిందో! "అమ్మా, ఇచ్చేముందు నా చెవిలో వేయండి. ఎవరికీ చెప్పను. మీకోసం దాచిపెడతా."

నోరు తెరిచాను. ఎన్నడూ పెదవి దాటనివి. దాటితే ఏమవుతుందో! మూడోది నా ఎదురుగా అలా పడి ఉండగా, పోయిన ఇద్దరి పేర్లూ బయటికి అంటే, ఆ వెనకే దీన్ని కూడా తీసుకుపోతారేమోనని ఒక పాడు భయం పట్టుకుంది. నోరు మూసేసుకున్నాను. నార నుదుటికి ఆనించమన్నాను.

తడిగడ్డి వాసన వచ్చింది. మట్టిగోడల పెరడు. మూడు చిన్న చాపలు పరిచి ఉన్నాయి, వాటి మీద ఎవరూ లేరు. ఒక ఆడది నాకు వీపు పెట్టి కూర్చుంది. ఇటు తిరిగితే మా అమ్మాయి మొహం ఉంటుందేమోనని హడలిపోయాను. తిరిగింది. నాకంటే చిన్నది, ఎండిపోయిన మొహం. ఆ చూపు మాత్రం నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే.

మొదటి తల పైన మొక్క గీశాను. జాకెట్ల మీద తీగలు కుట్టిన చెయ్యి, తడబడలేదు. మొక్క నుంచి తలకి గీత లాగుతూ, మా పెద్దవాడి పేరు మనసులో అనుకున్నాను. ఆవిడ ఆ పేరు పట్టి పిలిచింది. ఒక చాప మీద ఏదో కదిలినట్టయింది. ఆవిడ ఏమని పిలిచిందో నాకు వినపడలేదు. రెండో తల, రెండో మొక్క, రెండో గీత. ఆవిడ ఆ చాప మీదికి వంగి దుప్పటి సర్దింది. నా గుండెల్లో ఏళ్ళ తరబడి రెండు దీపాలు ఉండేవి. ఆ చోట చీకటి ఇప్పటికీ తెలుస్తోంది, చూపించమంటే చూపించగలను.

ఇద్దరు చాలని అనుకున్నాను. ఆవిడ మూడో చాప వైపు చూపించింది. "ఇన్తోకా."

నా దగ్గర ఇంకొక్క పేరే ఉంది. కేతకిని కాచిన ఆ పాత పేరు. అది ఇచ్చేస్తే నా పిల్లకి ఇక అడ్డు లేదు, ఏ రోగమైనా ఏ రోడ్డయినా సూటిగా చూసి పట్టుకోవచ్చు. ఇవ్వకపోతే పిల్లే లేదు. ఆవిడ నన్ను బతిమాలలేదు, బెదిరించలేదు. చాప మీద చెయ్యి వేసి కూర్చుంది, అంతే. ఆ ఖాళీ చాప మీద చెయ్యి నాది కూడా కావచ్చు.

విస్తరాకు గీశాను. ఈనెలు, పుల్లలు గుచ్చిన చోట్లు అన్నీ వేశాను. గీత కలిపాను.

"అమ్మా" అంది కేతకి. "ఎందుకు ఏడుస్తున్నావు? ఇక్కడికెప్పుడొచ్చావు?"

గడ్డి కొసలు కదలడం ఆ రోజే ఆగిపోయింది. రాజుగారు గదికి తాళం వేసి, పాత కాగితాన్ని దాని దేశానికి పంపించేశారు. ఆ మీదట ఆయన నాతో మాట్లాడినప్పుడల్లా నేల చూపులే.

కేతకి బాగానే ఉంది. పనికి వెళ్తోంది, తిడుతోంది, నవ్వుతోంది. దాన్ని చూస్తే నాకు మునుపటికంటే భయం. మా వదిన సూరీడమ్మ ఫోనులో, "అదేటే, పుల్లమ్మని కేతకీ అంటున్నావు? నీకు కూడా సోకులొచ్చాయా?" అంది.

"ఎవరు వదినా పుల్లమ్మ?"

అది మా అమ్మాయి పేరేనని, పుల్లాకుల మీద పడుకోబెట్టి పెట్టిన పేరని వదిన మెల్లగా చెప్పింది. కాగితం మీద రాసుకున్నాను. పుల్లమ్మ. బస్సులో పక్క సీటువాళ్ళు ఎవరినో పిలిచినట్టుంది.

అది కనీసం పదిమందికి తెలిసిన పేరు. ఎవరో ఒకరు చెప్పారు. మిగతా రెండూ చెప్పేవాళ్ళు లేరు. నకలు కాగితం తెచ్చి కేతకి ముందు పెట్టాను. "నువ్వు ఇలాంటివి సదువుతావు కదే. ఇవి సదివి పెట్టు."

చాలాసేపు చూసింది. మొదటిది ఏదో పాకే తీగ, గుండ్రటి కాయ. రెండోది పసుపు మొక్కలాంటి పొడుగాటి ఆకులు. నా చెయ్యి వేసినవే. నాకు మొక్కలు కనిపిస్తున్నాయి, పిల్లలు కనిపించడం లేదు.

"చదవలేనమ్మా. వేసినవాళ్ళ మనసులో మాట తెలిస్తేనే చదవగలం." కాగితం నా వైపు తిప్పి, గీతల మీద వేలు నడిపించింది. "గీతలు మాత్రం తిన్నగా వేశావు. పేర్లని తెలుస్తోంది."

"రేపు నేను పోయినప్పుడు ఆళ్ళు ఎదురొస్తే ఏమని పిలవనే?"

అది నన్ను దగ్గరికి లాక్కుంది. కిటికీ బయట పక్క క్వార్టరావిడ పిల్లల్ని అన్నాలకి పిలుస్తోంది, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. ఆ గొంతు ఆగేదాకా ఇద్దరం కదలలేదు. ఎక్కడో ఒక మట్టిగోడల పెరట్లో ఇంకో గొంతు అలాగే పిలుస్తోంది. నా పిల్లలు పలుకుతున్నారు. నాకు వినపడదు.